కడలి లేని ఊర నావికశిక్షణము

దూరసముద్రమున పందెమునకు బోవు తెరచాపపడవకు నావికులను సిద్ధపఱచుట యనగానే మనకు ముంబయి, గోవా, కొచ్చి పట్టణములు స్ఫురించునే గాని, సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమున, పొగగొట్టముల నీడలో వెలసిన జంషెడ్‌పూరు స్ఫురింపదు. అయినను నడినీట ఒకరినొకరు విడిచిపోజాలని కొందఱు మనుష్యులను ఒక్క బృందముగా మలచు విద్యకు చరిత్ర వ్రాయబూనినవాడు ఆ యూరిని విడిచి వ్రాయరాదని నా తలంపు.

1907లో స్థాపితమైన టాటా ఉక్కుకంపెనీ 1912లో తొలి ఉక్కుదిమ్మెను పోసెను. ఆ యేటనే ఎనిమిది గంటల పనిదినమును అమలుపఱచెను. సాక్చి యను పల్లె 1919లో జంషెడ్‌పూరను పేరు దాల్చెను. ఉత్తరాంధ్రమునుండి పొట్టచేతబట్టుకొని వెడలిన మనవారు బిష్టుపూరులో రామమందిరము కట్టుకొని, ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని దినమును మూడు పాళ్లు చేసికొని బ్రదుకసాగిరి. బ్లాస్టు ఫర్నేసుకు రాత్రి లేదు, పండుగ లేదు. దానిని కాచువాడు తన వంతు తీరినను, రెండవవాడు వచ్చి అందుకొనునందాక కదలరాదు. అర్ధరాత్రమున చుక్కాని పట్టినవానికి విధింపబడిన ధర్మమును సరిగా నిదియే. ఈ వంతుల క్రమమే దూరప్రయాణమునకు తొలిపాఠము. తెరచాప నెత్తుట, దించుట దాని తరువాతి సంగతులు.

1984 మే 23వ తేదీని ఎవరెస్టు నధిరోహించిన తొలి భారతస్త్రీ బచేంద్రీపాల్ ఆ పిమ్మట జంషెడ్‌పూరు చేరి, టాటా స్టీలు అడ్వెంచరు ఫౌండేషనునకు సారథ్యము వహించెను. కొండలవిద్యకే పరిమితము కాక, ఆమె 1994లో 18 మంది స్త్రీలను 3 రాఫ్టులపై హరిద్వారమునుండి కలకత్తావఱకు గంగపై నడిపించెను: 2,155 కిలోమీటర్లు, 39 దినములు. సగటున దినమునకు 55 కిలోమీటర్లన్నమాట! హిమాలయములలో నురుగులు గ్రక్కుచు దూకెడి గంగ హరిద్వారము దాటినంతనే మైదానమున మందగమన యగును. అచట ప్రవాహవేగముకంటె భుజబలమే ముఖ్యము. ఒక్కరి తెడ్డు లయ దప్పిన రాఫ్టు ప్రక్కకు మొగ్గును. ఒక్కరి మనస్సు విఱిగిన దినమెల్ల భారమగును. అందుచే ఇట్టి యాత్రకు మనుష్యుల నెంచువారు కండలతోపాటు ఓర్పును, తగవు వచ్చినపుడు నోటిని అదుపున నుంచుకొను నేర్పును పరీక్షింపవలెను. మూడేండ్లకు, 1997లో, ఆమె నాయకత్వముననే 8 మంది స్త్రీలు అరుణాచలమునుండి సియాచిన్‌లోని ఇందిరా కోల్ వఱకు 225 దినములు నడచిరి.

మనుష్యులను బృందముగా మలచు ఈ విద్య తెరచాపనెక్కి కడలిలోనికి బోవుట చూడవలెనన్న గోవాకు బోవలెను. అచటినుండి 2017 సెప్టెంబరు 10న ఆర్గురు నౌకాదళ స్త్రీలు 55 అడుగుల 'తారిణి'పై భూప్రదక్షిణమునకు వెడలిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య మన తెలుగుబిడ్డలు. మన కోరంగి రేవు ఓడల కాలము గడచిన పిమ్మట మనవారి పేర్లు కడలిపటముపై మఱల కనబడినందులకు సంతసింపనివా డుండునా? వారి శిక్షణము 2015లో మొదలయ్యెను. ఏకాకిగా ప్రపంచమును చుట్టిన తొలి భారతీయుడు దిలీప్ దోండే వారికి గురువు. నౌకాశాస్త్రము, వాతావరణశాస్త్రము చదివి, 'మాదేయి' పడవపై మారిషసునకును, గోవానుండి కేప్‌టౌనునకును బోయి, అసలు యాత్రకు ముందే సుమారు 20,000 నాటికల్ మైళ్లు చవిచూచిరి. బయలుదేరినది మొదలు 254 దినములకు, 2018 మే 21న, గోవాకు తిరిగివచ్చిరి. యాత్ర సాగినది సుమారు 21,600 నాటికల్ మైళ్లు. అనగా యాత్ర యెంతయో సన్నాహమును ఇంచుమించుగా నంతయే! పందెములకు బోగోరు యువకులు ఈ లెక్కను మఱవరాదు.

'తారిణి' కథను లోకమెల్ల నెఱుగును. 1994 నాటి గంగాయాత్రను ఎఱిగినవారు కొందఱే. జంషెడ్‌పూరులోని తెలుగు సంఘములవారు ఆ స్త్రీల జ్ఞాపకములను, ఛాయాచిత్రములను ఇప్పుడైనను సేకరించి, తెలుగున ఒక చిన్న పుస్తకముగా వెలువరింపవలెనని మనవి.