తుపాకి వెల



చేజర్ల యనగానే పలువురు పల్నాటి కపోతేశ్వరుని తలంతురు. మాది ఆ చేజర్ల కాదు. నెల్లూరు మండలమున ఆత్మకూరు సీమలోనిది. ముప్పదియేండ్లు బడిలో శబ్దమంజరి వల్లెవేయించిన వానికి తుపాకి వెలతో నేమి పనియని మా యింటివారు నవ్విరి. కాని మా ప్రక్కనున్న ఉదయగిరి కథ ఆ వెలతో ముడివడి యున్నది.

తుపాకి యను మాట తురుష్కుల నుండి వచ్చినది. ఫిరంగి యనగా పరంగులది. మందులో ముఖ్యమగు సురేకారమునకు మాత్రము మనకు పెట్లుప్పను చక్కని పేరు కలదు. పల్లెలలోని పాటిమన్నును నీట కడిగి, ఆ తేటను కాచి దీనిని తీయుచుండిరి. బొగ్గు పెరటిలోనిదే. గంధకము మాత్రమే అంగడి సరకు. గొట్టము కమ్మరి కొలిమిలో సాగెడిది. ఇట్టి నాటు తుపాకికి అంగడి వెల యనునది యెక్కడిది? కమ్మరి కూలియే దాని వెల.

ఉదయగిరిని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదికి పైగా కాచి, 1514లో పట్టెను. బండలు పగులగొట్టించి దారులు వేయించెనని నూనిజు వ్రాసెను. ఆ దుర్గమే తరువాత ఆర్కాటు నవాబుల కాలమున జాగీరైనది. 1839లో ఇంగ్లీషువారికి ఒక కుట్ర వాసన తగిలెను. హైదరాబాదులో నైజాము తమ్ముడు ముబారిజుద్దౌలా, కర్నూలులో నవాబు గులాం రసూల్ ఖాను, ఇచట మా ఉదయగిరి జాగీర్దారు ఒకే తీగెకు కాయలని వారు తలచిరి. కర్నూలు కోట పైకి చూడ పాడుపడినట్లే యుండెను. వెదకగా అంతఃపురపు తోటలలో పోతకొలుములు, ఫిరంగులు, మందుగుండు రాసులు బయల్పడెను. ఆ యక్టోబరు 18వ తేదిని జోరాపురము కడ పోరు జరిగెను. నవాబు తిరుచిరాపల్లికి బందీగా పోయి 1840లో హతుడయ్యెను. మా జాగీర్దారును చెంగల్పట్టునకు పంపి జాగీరు కలుపుకొనిరి.

కర్నూలు తోటలలోని రాశిని కట్టినది సీమవర్తకుడు కాదు. మన కమ్మరులును పోతగాండ్రును. దొరతనమువారు ఈ సంగతి మరువలేదని నా యభిప్రాయము. 1857 తరువాత 1860లో నొక చట్టము, లిట్టను కాలమున 1878లో మఱొకటి పుట్టెను. చేయుటకు, అమ్ముటకు, పట్టుకొని తిరుగుటకు లైసెన్సు కావలెను. సీమదొరలకు మాత్రము మినహాయింపు! 1887లో చెన్నపట్టణపు కాంగ్రెసు సభ ఈ చట్టమును సవరింపుడని తీర్మానించినది. పెట్లుప్పు వండునపుడు తినెడి యుప్పును వెలువడును గనుక, ఉప్పుశాఖవారి కన్ను అటుపై కూడ పడెను. మౌంటు రోడ్డున గడియారములమ్మిన పి. ఓర్ అండ్ సన్స్ వారు తుపాకులను కూడ అమ్మిరి. అద్దాల బీరువాలోని ఆ వస్తువునకు వెలచీటి యుండెను. మా రైతునకు దానిని కొను హక్కే ముందు కొనవలసి వచ్చెను.

స్వరాజ్యము వచ్చిన పిదప 1959 చట్టము 1962 అక్టోబరునుండి అమలయ్యెను. జాతిభేదము పోయినది, లైసెన్సు మిగిలినది. 1980ల నడుమ దిగుమతులు బిగియగా, సీమ తుపాకి పాతబడినకొలది వెల హెచ్చు వింత వస్తువైనది. నగలకు తరుగు తీయుదురు, దీనికి కూడుదురు!

నా చిన్ననాట మా వీధి రైతునకు చేను త్రొక్కు అడవిపందుల కొరకు లైసెన్సు తుపాకి యొకటి యుండెను. తూటాలకై యతనితో నొకమారు నెల్లూరు పోయితిని. అంగడివాడు ముందు తుపాకి మాట యెత్తలేదు. లైసెన్సు పుస్తకము నడిగి, ఇంతకుముందు కొన్న లెక్క చూచి, పెద్ద చిట్టాలో వ్రాసికొని, అప్పుడు కాగితమున తూటాలు పొట్లము కట్టెను. వాని వెలకంటె మా యిరువురి బస్సు ఖర్చే హెచ్చయ్యెను. ఎన్నికలు వచ్చినపుడెల్ల ఆ తుపాకి ఠాణాకు పోవును. ఒకసారి అది తిరిగి వచ్చులోపల జొన్నచేను సగము పందులపాలైనది. రైతు ఆ యేట లైసెన్సును మఱల పొడిగింపలేదు.