పాత గోడ గడియారం, బర్మా టేకు సామాను: అమ్మేముందు ఒక మాట



పోయిన ఆదివారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఫోటోలు పెట్టి అడిగినాడు. తాత కాలం గోడ గడియారం ఒకటి, ఊంజల్ పలక, చెక్కడం పని ఉన్న రెండు తలుపులు ఉన్నాయట. ఇల్లు పడగొట్టి కొత్తగా కడుతున్నారట. కారైక్కుడి నుంచి వ్యాపారి వచ్చి అన్నిటికీ కలిపి ఒక వెల చెప్పినాడట. ఇచ్చేయొచ్చునా అని ప్రశ్న. రెండు లైన్లలో జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత దూరం వచ్చింది. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోండి.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా తాతది ఒక గోడ గడియారం ఉండేది. డయల్ మీద పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్ అని ఉంటుంది. 1998లో అది నిలిచిపోతే రిపేరుకు ఇచ్చినాను. పది రోజుల్లో వచ్చింది. బాగా నడిచింది, పెండులం కూడా ఊగింది. వారానికి ఒకసారి కీ ఇచ్చే పని మా నాయనది. ఆ వారం ఆయన కుర్చీ ఎక్కి కీ పెట్టి తిప్పితే లోపల ఏమీ తగల్లేదు. వెనక్కి తిప్పి చూస్తే ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక బ్యాటరీ. ఇత్తడి మిషన్ మాయం. గంట కొట్టే సుత్తి కూడా లేదు. అడిగితే 'పాతది పాడైపోయింది సార్, పారేశాం' అన్నారు. ఇత్తడిని ఎవరైనా పారేస్తారా? నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కీని బీరువాలో పెట్టుకున్నాడు. ఆయన పోయినాక అది నా దగ్గరికి వచ్చింది, ఇప్పుడూ ఉంది.

అప్పటినుంచే ఈ విషయాలు విచారించడం మొదలుపెట్టినాను.

డయల్ మీద ఉన్న పేరు చాలాసార్లు తయారు చేసినవాండ్లది కాదు, అమ్మినవాండ్లది. పి. ఆర్ అండ్ సన్స్ 1849లో మద్రాసులో మొదలైన అంగడి, మౌంట్ రోడ్డులో వాండ్ల కట్టడం ఇంకా ఉంది. మిషన్ ఎవరిదో తెలియాలంటే పెండులం తీసి, వెనక ఇత్తడి రేకు మీద ముద్ర చూడాలి. ఎనిమిది మూలల నక్షత్రం, మధ్యలో జె అక్షరం ఉంటే జర్మనీ యుంగ్‌హాన్స్. ఒకదాని మీద ఒకటి వేసిన రెండు బాణాలు ఉంటే హాంబర్గ్ అమెరికన్ కంపెనీ. అమెరికా ఆన్సోనియా కూడా మన పక్క ఇండ్లలో చాలా కనిపిస్తుంది. 1929 ప్రాంతంలో ఆ కంపెనీ యంత్రాలన్నీ సోవియట్ రష్యాకు అమ్ముడుపోయినాయి. కాబట్టి అసలైన అమెరికా ఆన్సోనియాకు తొంభై ఏండ్ల పైనే వయసు.

రైల్వేవాణ్ణి కదా, ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు ఈ దేశంలో రైళ్ళు నడిచింది మద్రాసు టైముతో. నుంగంబాక్కంలో 1792లో కట్టిన అబ్జర్వేటరీ లెక్క అది, గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. అక్కడి రాతి స్తంభం మీద తెలుగులో కూడా చెక్కినారు, మనవాండ్లు ఎంతమందికి తెలుసో! 1906 నుంచి అయిదున్నర గంటల టైము వచ్చినప్పుడు మద్రాసు గడియారాలను సుమారు 9 నిమిషాలు ముందుకు జరపవలసి వచ్చింది. మేము ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా రోజూ 16 గంటలకు స్టేషన్లకు టైము వచ్చేది, గడియారం సరిచూసుకోవాలని రూలు. మా తాత గడియారం ఆ తొమ్మిది నిమిషాల మార్పును చూసిందో లేదో తెలుసుకునే దారి నాకు ఇప్పుడు లేదు. మిషన్ ఉండి ఉంటే ముద్ర చూసైనా చెప్పేవాణ్ణి.

చెక్క సామాను కథ వేరే. చెట్టినాడు ఇండ్ల స్తంభాలు, తలుపులు చాలావరకు బర్మా టేకు. నాట్టుకోట్టై చెట్టియార్లు అక్కడ వడ్డీ వ్యాపారం చేసి, ఆ డబ్బుతో ఇక్కడ కోటల్లాంటి ఇండ్లు కట్టినారు. 1942లో జపాన్ సైన్యం రావడంతో ఆ వ్యాపారం విరిగిపోయింది. అదే రంగూన్ రేవులో మూటలు మోసిన కూలీల్లో తెలుగువాండ్లు వేలమంది. యానాం పక్కన కోరింగ రేవునుంచి ఓడ ఎక్కినందుకు వాండ్లకు 'కోరంగీలు' అని పేరు పడింది. 1942లో చాలామంది నడిచే తిరిగి వచ్చినారు, దారిలోనే పోయినవాండ్లూ ఉన్నారు. చెట్టియార్ల పేరు ఇండ్ల మీద నిలిచింది, మోసినవాండ్ల పేరు ఎక్కడా లేదు.

ఆ ఇండ్లు పంపకాల్లో పది, ఇరవై భాగాలైనాయి. ఎవరూ బాగుచేయించలేరు, ఒక్కరుగా అమ్మనూ లేరు. చివరికి స్తంభాలు పీకి అమ్ముతారు. కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధికి పోతే తలుపులు, అద్దాలు, గడియారాలు, ఎనామిల్ గిన్నెలు వరసగా ఉంటాయి. ఆ వ్యాపారులను నేను తప్పు పట్టను. వాండ్లు కొనకపోతే ఆ చెక్కలో చాలా భాగం పొయ్యిలోకే పోయేది. అయితే వాండ్లు మొత్తానికి ఒక వెల చెప్పేది ఎందుకు? ఒక్కొక్కటి ఏమిటో మనకు తెలియకూడదనే.

తమ్ముడూ, ఇప్పుడు నీకు. అమ్మేది తప్పు అని నేను అనను, ఫ్లాటులో ఎనిమిది అడుగుల తలుపు ఎక్కడ పెడతావు? అయితే వెల పెరుగుతుందని తలుపులకు మెరిసే కొత్త వార్నిష్ కొట్టించవద్దు. పాత లక్క పాలిష్ గీకేస్తే వెల తగ్గుతుంది, మళ్ళీ రాదు. మెత్తని గుడ్డతో దుమ్ము తుడువు, చెదలు ఉన్నాయా అని అడుగు భాగం తట్టి చూడు, అంతే. గడియారంలో కొబ్బరినూనె పోయవద్దు, అది గట్టిపడి పండ్లచక్రాలను పట్టేస్తుంది. టిక్, టాక్ రెండూ సమానంగా వినిపించకపోతే చాలాసార్లు జబ్బు మిషన్‌లో ఉండదు, గోడకు వంకరగా తగిలించడంలో ఉంటుంది. రిపేరుకు ఇస్తే ముందు మిషన్ ఫోటో తీసి, బిల్లులో 'పాత మిషన్‌తోనే' అని రాయించుకో. నేను రాయించుకోలేదు.

ఇంకొకటి, 1972 చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన పురాతన వస్తువును మనం విదేశానికి పంపకూడదు. దాని వ్యాపారం చేసేవానికి లైసెన్సు ఉండాలి. ఆ వ్యాపారి దగ్గర ఉందా అని అడుగు, అడిగితే తప్పేమీ లేదు.

ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రలో పాత ఇండ్లను విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టినారు. చెట్టినాడు ఇల్లూ ఉంది, మన ఆంధ్ర కోస్తా గుండ్రటి ఇల్లూ ఉంది. పిల్లలను తీసుకొని ఒకసారి పోయి చూసి రా, తలుపుల మాట తరవాత తేల్చుకో.

గడియారం మాత్రం ఈ వారం ఇవ్వవద్దు. వెనక రేకు ఫోటో నాకు పంపు. దాని కీ పోయిందని రాసినావు, సైజు సరిపోతుందేమో, మా నాయన కీ తీసుకొని ఆదివారం నేనే వస్తాను.