రైలెక్కిన తాత పేరు ఎక్కడ రాసి ఉంది?



మీ తాతగారి తండ్రి పేరు మీకు తెలుసా? ఆయన ఏ ఊరివాడు? ఏ పని చేసేవాడు? భూమి ఉన్న కుటుంబమైతే పాత దస్తావేజులో ఆ పేరు దొరకవచ్చు. భూమి లేని కుటుంబం మాటేమిటి? చదువు రాని కూలివాడి పేరును ఎవరు, ఎందుకు రాసి ఉంచుతారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం ఒక రైల్వే పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్, దాన్ని ఆనుకొని ఉన్న హిజ్లీ మన ఉత్తరాంధ్రవారికి కొత్త ఊళ్లు కావు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా తీర్చిదిద్ది, అక్కడ కార్ఖానా పెట్టింది. వాల్తేరు నుంచి కటక్ వరకు ఉన్న తూర్పు తీరపు రైలుమార్గం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకూ ఖరగ్‌పూర్‌కూ ఒకే కంపెనీ రైలు నడిచింది. కూలికోసం రైలెక్కినవారు ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, ఫిట్టర్లుగా అక్కడే స్థిరపడ్డారు. వారి మునిమనవలు నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు ప్రధానంగా ప్రస్తావనకు వచ్చినది ఈ ఖరగ్‌పూర్ తెలుగువారే.

లెక్కలో ఉన్నారు, పేరు లేదు

ఇంగ్లండులో పేద కుటుంబాల చరిత్ర వెతికేవారు మొదట జనాభా లెక్కలు చూస్తారు. 1841 నుంచి అక్కడి లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు ఉన్నాయి. నూరేళ్లు దాటాక ఆ కాగితాలను అందరూ చూడవచ్చు. 1921 నాటివి 2022లో బయటపెట్టారు. రెండో ఆధారం వర్క్‌హౌస్ రిజిస్టర్లు. 1834 చట్టం తరువాత, తిండికి లేనివారిని వర్క్‌హౌస్‌లో చేర్చుకొని, పని చేయించి తిండి పెట్టేవారు. చేరినవారి పేరు, వయసు, చేరిన రోజు, వెళ్లిన రోజు రాసుకొనేవారు. అది అవమానంతో కూడిన ఆశ్రయమే. కాని ఆ రాత వల్లనే నేడు వారి వారసులకు పేరు దొరుకుతోంది.

మన దేశంలోనూ 1881 ఫిబ్రవరి 17న ఒకేసారి జనగణన జరిగింది. అప్పటినుంచి పదేళ్లకొకసారి గణకులు ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్కరి వివరం రాసుకున్నారు. తరువాతి జనగణనల్లో ఆ వివరాలను చిన్న చీటీలమీదికి ఎక్కించి, చీటీలను వేరుచేసి లెక్కపెట్టి పట్టికలు తయారుచేసేవారు. పట్టిక తయారయ్యాక చీటీతో పని తీరిపోయేది. వాటిని దాచలేదు. అందువల్ల మిదనాపూర్ జిల్లాలో తెలుగు మాట్లాడేవారు ఎందరో పాత నివేదికలు చెబుతాయి, వారెవరో చెప్పవు. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వ్యక్తుల వివరాలున్న జనగణన పత్రాలను చూసే హక్కు ఎవరికీ లేదు.

మన దగ్గర వర్క్‌హౌస్‌కు దగ్గరగా వచ్చేవి కరువు పనులు. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది మట్టి తవ్వి, రాళ్లు కొట్టి కూలి గింజలు తెచ్చుకున్నారు. ప్రభుత్వ నివేదికల్లో పనికి వచ్చినవారి సంఖ్య ఉంది, వారికిచ్చిన గింజల తూకం కూడా ఉంది. మనిషి పేరు మాత్రం లేదు.

ఓడ ఎక్కినవారు, రైలు ఎక్కినవారు

ఇప్పుడు ఒక విచిత్రం గమనించండి. 1860 నుంచి 1911 వరకు మన దేశం నుంచి 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో తెలుగువారు చాలామంది. ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాశారు. ఆ జాబితాలు నేటికీ ఉన్నాయి. అక్కడి తెలుగు కుటుంబాలు వాటిని చూసి తమ పూర్వీకుల ఊరు వెతుక్కుంటున్నాయి.

అదే కాలంలో పక్క పల్లెవాడు రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్లాడు. అతని ఊరు ఎవరూ రాయలేదు. కారణం సులభమే. ఓడ ఎక్కినవాడు ఒప్పందానికి కట్టుబడ్డాడు. గడువు లెక్కకట్టడానికి, పారిపోతే పట్టుకోవడానికి అతని పేరు యజమానికి కావాలి. రైలెక్కినవాడు డబ్బిచ్చి టికెట్ కొన్నాడు. టికెట్ అమ్మేవాడికి పేరుతో పనిలేదు.

హిజ్లీలోనే మరో ఉదాహరణ ఉంది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరం పెట్టింది. 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. ఆ భవనంలోనే 1951లో మన మొదటి ఐఐటీ ప్రారంభమైంది. నిర్బంధించినవారి పేర్లు ప్రభుత్వం జాగ్రత్తగా రాసుకుంది. పక్కనే రైలు పట్టాల కింద కంకర పోసినవారి పేర్లు అంత జాగ్రత్తగా రాయలేదు.

దీన్నిబట్టి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. ఒక మనిషిని విడిగా గుర్తుపట్టవలసిన అవసరం ఎక్కడ వస్తుందో అక్కడే పేదవాడి పేరు కాగితం ఎక్కుతుంది. కాబట్టి ఆ అవసరం ఎక్కడ వచ్చిందో వెతకాలి.

ఎక్కడ వెతకాలి?

మొదటిది జీతం. కార్ఖానాలో పనివాడికి టికెట్ నంబరు, సర్వీసు రికార్డు ఉంటాయి. వేలిముద్ర వేసినవాడి పక్కన గుమాస్తా రాసిన పేరు ఉంటుంది. రెండోది ప్రావిడెంట్ ఫండ్. తన తరువాత డబ్బు ఎవరికి చెందాలో పనివాడు చెప్పాలి గనుక అక్కడ భార్య పేరు, పిల్లల పేర్లు వస్తాయి. మూడోది రైల్వే పాసు. సెలవుకు ఊరు వెళ్లే పాసులో ఏ స్టేషను వరకో ఉంటుంది. నౌపడ అని ఉంటే మీరు వెతకవలసిన పల్లెలు ఆ చుట్టుపక్కల ఉన్నాయన్నమాట. నాలుగోది నష్టపరిహారం. 1923 చట్టం తరువాత, పనిలో ప్రమాదం వల్ల కార్మికుడు చనిపోతే అతని మీద ఆధారపడినవారు ఎవరో అధికారి విచారించాలి. బతికినంతకాలం కాగితం మీద నంబరుగా ఉన్న మనిషికి చనిపోయాక కుటుంబం కనిపిస్తుంది.

ఆడవారి పేర్లు దొరకడం ఇంకా కష్టం. 1951–52 మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలు తయారుచేసేటప్పుడు, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షలమంది స్త్రీలను జాబితాలో చేర్చలేదు. వారిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. మీ ముత్తవ్వ పేరు ప్రావిడెంట్ ఫండ్ కాగితంలో దొరికితే, ఆమె పేరు రాసి ఉన్న ఏకైక కాగితం బహుశా అదే కావచ్చు.

దొరికిన ఆధారాన్ని పరీక్షించండి

విజ్ఞానశాస్త్రంలో ఒక్క కొలతను నమ్మం. ఇక్కడా అంతే. మీ ముత్తాత పేరు అప్పన్న అనుకుందాం. సింహాచలం స్వామి పేరు పెట్టుకున్నవారు ఆ జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పేరు కలిస్తే చాలదు. తండ్రి పేరు, స్టేషను, భార్య పేరు కూడా కలవాలి. ఒక కాగితం చూసి రాసిన మరో కాగితం రెండో ఆధారం కాదని గుర్తుంచుకోండి. అవి రెండూ కలిసి ఒక్కటే.

పేరు రూపం మారవచ్చు. బెంగాలీ రాతలో మన వెంకటరావు ‘భెంకట’ అవుతాడు. ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించుకుపోయి, రావు, నాయుడు వంటివి ఇంటిపేరులా నిలబడతాయి. పుట్టినతేదీ జూలై 1 అని ఉంటే అనుమానించండి. సంవత్సరం మాత్రమే తెలిసినప్పుడు ఆ తేదీ వేయడం రైల్వే నిబంధన.

జిల్లా పేరూ మారుతుంది. టెక్కలి 1936 వరకు గంజాం జిల్లాలో, తరువాత విశాఖపట్నం జిల్లాలో, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లాలో ఉంది. 1920 నాటి కాగితంలో గంజాం అని ఉంటే ఒడిశాలోనే వెతకనక్కరలేదు.

పెద్దల జ్ఞాపకాలకు తేదీలు ఉండవు, సంఘటనలు ఉంటాయి. ‘పెద్ద గాలివాన ఏడు’ అని అక్కడి పెద్దలు అంటే అది 1942 అక్టోబరు మిదనాపూర్ తుపాను కావచ్చు. ‘సమ్మె ఏడు’ అంటే 1927 కావచ్చు, 1974 కావచ్చు. అప్పటికి ఎవరికి పెళ్లయింది, ఎవరు పుట్టారు అని అడిగితే ఏ సమ్మెయో తేలుతుంది.

మీరు చేయవలసిన పని

ఈ వారమే ఇంట్లోని పెద్దవారి దగ్గర కూర్చోండి. ఇంటిపేరు, ఊరు, గ్రామదేవత పేరు, సెలవులకు దిగే స్టేషను అడిగి రాసుకోండి. చెప్పినవారి పేరు, తేదీ కింద వేయండి. ఇంట్లో పాత పాసులు, పెన్షను పుస్తకాలు, బడి సర్టిఫికెట్లు ఉంటే ఫోటో తీసి ఉంచండి. రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఇటువంటి కాగితాలే ముందు చెత్తలోకి పోతాయి. కార్యాలయాలు కూడా గడువు దాటిన ఫైళ్లను తీసివేస్తాయి.

మీకు రెండు తరాల పేర్లే దొరకవచ్చు. నిరాశపడకండి. ఎక్కడివరకు ఆధారం ఉందో, ఎక్కడినుంచి కేవలం చెప్పుకొనే మాటో విడివిడిగా రాయండి. ఆధారం ఆగినచోట ఖాళీ వదలండి, ఊహతో నింపకండి. మీ తరువాత వెతికేవారికి ఆ ఖాళీ ఎక్కడ ఉందో తెలియడం కూడా అవసరమే.