బోటు ఇంజిన్‌కు ఉప్పు ముప్పు: ఉద్దానం తీరంలో తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. భావనపాడు, నువ్వలరేవు, మంచినీళ్లపేట, బారువ లాంటి ఊళ్లలో ఫైబర్ బోటు, దానికి బిగించిన మోటారు మీదే ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. తుపాను వస్తే అందరికీ కనిపిస్తుంది. ఉప్పు మాత్రం కనిపించకుండా రోజూ ఇంజిన్‌ను తింటుంది. నడిసంద్రంలో మోటారు ఆగిపోతే పోయేది ఒక పూట వేట మాత్రమే కాదు, బోటులో ఉన్నవాళ్ల ప్రాణాలే ప్రమాదంలో పడతాయి.

ఆరిన ఉప్పుతోనే అసలు సమస్య

లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆవిరైపోయినా ఉప్పు ఇంజిన్ మీదే ఉండిపోతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు చెమ్మను పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమే చాలు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా నీరు కారేది ఇందుకే. తీరంలో రాత్రి తేమ ఎక్కువ కాబట్టి, పగలు ఆరినట్టు కనిపించిన ఇంజిన్ రాత్రికి మళ్లీ ఉప్పునీటిలో తడిసినట్టే.

అందుకే పొడిగుడ్డతో తుడిస్తే సరిపోదు. ఉప్పు మీదే నూనె రాస్తే ఆ ఉప్పును లోపల మూతపెట్టినట్టు అవుతుంది. ముందు మంచినీళ్లతో ఉప్పును కరిగించి వదిలించాలి, ఆ తర్వాతే నూనె. ఇనుము మీద ఎర్ర తుప్పు, అల్యూమినియం మీద తెల్లటి పొడి, రాగి తీగల మీద పచ్చ చిలుము కనిపిస్తే పని ఆలస్యమైందని అర్థం.

వేట నుంచి రాగానే

అవుట్‌బోర్డ్ మోటారు సముద్రపు నీటిని లోపలికి లాగి చల్లబడుతుంది. కాబట్టి లోపలి దారులు కూడా కడగాలి. మోటారు కాలును మంచినీళ్ల డ్రమ్ములో, నీళ్లు తీసుకునే రంధ్రాలు పూర్తిగా మునిగేలా ఉంచి, తక్కువ వేగంతో 10 నుంచి 15 నిమిషాలు నడపాలి. బయటికి వచ్చే నీటిధార ఆగకుండా పడుతోందో లేదో చూడాలి. నీళ్లు లేకుండా నడిపితే పంపులోని రబ్బరు చక్రం నిమిషం కూడా గడవకముందే దెబ్బతినవచ్చు. ఈ పని ఆరుబయటే చేయాలి, ఫ్యాను దగ్గరికి పిల్లలను రానివ్వకూడదు.

గాలితో చల్లబడే డీజిల్ ఇంజిన్‌కు లోపల నీటిదారి ఉండదు. దానికి పైన, రెక్కల మధ్య పేరుకున్న ఉప్పు వదిలిస్తే చాలు.

విశాఖ రుషికొండలో కనిపించే జెట్ స్కీల పద్ధతి వేరు. వాటికి ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి, వెంటనే పైపు నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజిన్. ఈ వరస తప్పితే నీళ్లు సైలెన్సర్ దారిలో ఇంజిన్‌లోకి ఎక్కుతాయి.

నీళ్లు ఎక్కడివి?

ఉద్దానంలో మంచినీళ్ల విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఈ ప్రాంతానికి తాగునీరిచ్చే పథకం 2023 డిసెంబర్ 14న ప్రారంభమైంది. ఆ నీళ్లను ఇంజిన్‌కు పోయనక్కర్లేదు. డ్రమ్ముల్లో పట్టిన వాననీరు దీనికి చక్కగా పనికొస్తుంది. బోరు నీళ్లయితే టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకోవాలి. ఉప్పు బోరుతో కడిగితే కడిగిన ఫలితం ఉండదు. డ్రమ్ములో మిగిలిన నీళ్లలో నూనె, ఇంధనం కలిసి ఉంటాయి. వాటిని బావి, చెరువు దగ్గర పారబోయకూడదు.

మూత తీసి చేసే పని

ఇంజిన్ చల్లారాక మూత తీసి, తడిగుడ్డతోనో సన్నటి ధారతోనో కడగాలి. కార్బ్యురేటర్, కాయిల్, వైర్ల జాయింట్ల మీదికి నీళ్లు కొట్టకూడదు. తర్వాత మూత తెరిచే ఉంచి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉండగానే మూత పెడితే ఆ చెమ్మ లోపలే తిరుగుతుంది.

ఆరాక బ్యాటరీ తీగ విప్పి, తుప్పు నిరోధక స్ప్రే పల్చగా కొట్టాలి. ఈ స్ప్రేలు చాలావరకు మండే గుణం ఉన్నవే, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. బ్యాటరీ టెర్మినళ్లను శుభ్రం చేసి వాసెలిన్ రాయాలి. అల్యూమినియంలో బిగించే స్టీలు బోల్టులకు మెరైన్ గ్రీజు పెడితే పట్టుకుపోవు.

మోటారు కాలుకు బిగించి ఉండే జింక్ లేదా అల్యూమినియం దిమ్మను ఆనోడ్ అంటారు. ఇంజిన్ బదులు తాను అరిగిపోవడమే దాని పని. సగం అరిగితే మార్చాలి. దానికి రంగు వేస్తే పని చేయదు.

నిషేధం రోజుల్లో

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఇంజిన్‌కు ఎక్కువ నష్టం జరిగేది ఈ ఖాళీలోనే. చివరి వేట తర్వాత బాగా కడిగి, ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. గేర్ ఆయిల్ మార్చాలి, అది పాలలా తెల్లగా వస్తే సీలు దాటి నీళ్లు చేరినట్టే. స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ వేసి, తాడును మెల్లగా లాగి తిప్పాలి. మోటారును నిలువుగానే నిలబెట్టాలి.

ఇంజిన్ మునిగిపోతే

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. అలాంటప్పుడు మునిగిన ఇంజిన్‌ను బయటికి తీయగానే స్టార్ట్ చేయకూడదు. ముందు మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి లోపలి నీళ్లు వంపేసి, సిలిండర్లలో నూనె వేయాలి. అదే రోజు మెకానిక్‌కు చూపించాలి. పలాసకో టెక్కలికో తీసుకెళ్లేసరికి ఆలస్యమయ్యేలా ఉంటే ఇంజిన్‌ను మంచినీళ్లలోనే ముంచి ఉంచడం మేలు. ఉప్పు తడికి గాలి తగిలితే తుప్పు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది.