మన తరువాత ఎవరు?

వైకల్యముగల బిడ్డను కన్న తల్లిదండ్రులు పగలు పనిలో మరచినను, రాత్రి మరువలేని ప్రశ్న యొకటి కలదు: “మేము కన్ను మూసిన తరువాత వీనిని ఎవరు చూతురు?” ఉమ్మడి కుటుంబములలో దీనికి జవాబు నోటిమాటగానే యుండెను. పెద్దన్నయో, మేనమామయో “నేనున్నాను” అనిన చాలును. కుటుంబములు చిన్నవై, పిల్లలు దూరదేశములకు పోయిన పిమ్మట ఆ మాట చాలకపోయెను. ఈ విషయమున మన చట్టములు నడచివచ్చిన దారిని తెలిసికొనుట మేలు.

1890 నాటి సంరక్షకుల చట్టము మైనరు బిడ్డలకు మాత్రమే. బిడ్డకు 18 ఏండ్లు నిండగానే, బుద్ధి వికసింపకున్నను, తల్లిదండ్రుల సంరక్షకత్వము చట్టరీత్యా ముగియును. పెద్దవారి కొరకు 1912 నాటి ఉన్మాదుల చట్టముండెను. దాని ప్రకారము కోర్టులో విచారణ జరిపించి, బిడ్డకు మతిస్థిమితము లేదనిపించినగాని సంరక్షకుడు దొరకడు. ఆ మాట కోర్టులో చెప్పుటకు ఏ తల్లికి నోరు వచ్చును?

1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నెలకొని, ఇట్టి బిడ్డల శిక్షణకు బాట వేసెను. అయితే శిక్షణ పొందిన బిడ్డ పెద్దవాడైన పిమ్మట ఎవరి చేతిలో పెట్టవలెను? 1987లో చేయబడిన మానసిక ఆరోగ్య చట్టము 1993లో అమలులోనికి వచ్చి, పాత చట్టమును తొలగించెను. మానసిక వ్యాధి వేరు, బుద్ధిమాంద్యము వేరు అని అది సరిగానే విడదీసెను. కాని బుద్ధిమాంద్యముగల పెద్దవారికి సంరక్షకుని నియమించు మార్గము అందులో లేకపోయెను.

ఆ లోటును 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము తీర్చెను. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి ఇది వర్తించును. తల్లిదండ్రులు కోర్టుకు పోనక్కరలేక, జిల్లాలోని స్థానిక స్థాయి సంఘమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. సంరక్షకుడు 6 నెలలలో బిడ్డ ఆస్తి జాబితాను, ఏటేటా లెక్కలను అప్పగించవలెను. నిర్లక్ష్యము చేసినచో తొలగింపబడును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మరియొక అడుగు ముందుకు వేసి, సంరక్షకుడు ఆ వ్యక్తితో కలిసి నిర్ణయములు చేయవలెనని చెప్పెను.

ఇంత కాలమునకు చట్టము సంరక్షకుని నియమించు మార్గము చూపినది. ఆ సంరక్షకుని సిద్ధపరచుట మాత్రము ఇంటివారి పనియే. కావున మనము బ్రతికియుండగానే ఆ వ్యక్తి ఎవరో తేల్చుకొని, అతని సమ్మతి అడుగవలెను. తోబుట్టువులందరి యెదుట మాట్లాడి, వీలునామా వ్రాయవలెను. బిడ్డ తిండి, మందులు, భయములు, ఇష్టములు ఒక పుస్తకములో వ్రాసి పెట్టవలెను. అప్పుడప్పుడు బిడ్డను ఆ యింట నాలుగు రాత్రులు నిద్రింపనీయవలెను. అన్నిటికంటె ముందు, “నీకు ఎవరితో ఉండ నిష్టము?” అని బిడ్డనే అడుగవలెను. మాట రాని బిడ్డయైనను, ఎవరిని చూచి నవ్వునో తల్లికి తెలియును.