ఇరవై రెండేళ్లు మూతపడ్డ సభ

ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని కేంద్రం బర్తరఫ్ చేస్తే దేశమంతా గగ్గోలు పుడుతుంది. ఒక నగరం ఎన్నుకున్న సభను రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేస్తే మాత్రం ఆ ఊరివాళ్లే నాలుగు రోజుల్లో మరచిపోతారు. ఆ మరుపుకు ఊరు ఎంత మూల్యం చెల్లిస్తుందో మద్రాసు చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మద్రాసు కార్పొరేషన్‌కు ఈస్టిండియా కంపెనీ 1687 డిసెంబరు 30న పట్టా ఇచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరు 29న సభ కొలువుదీరింది. ఒక మేయరు, పన్నెండుమంది ఆల్డర్‌మెన్. వారిలో చిన్న వెంకటాద్రి అనే మన తెలుగు వర్తకుడూ ఉన్నాడు. కంపెనీవారి ఉద్దేశం ప్రజాపాలన కాదు. పరాయివాడు వేస్తే ఎదురుతిరిగే జనం తమవాళ్లే వేస్తే పన్ను కడతారని వారి లెక్క. ఏ ఉద్దేశంతో అయితేనేం, పన్ను కట్టేవాడికి సభలో చోటుండాలన్న మాట ఆనాడే ఒప్పుకున్నట్టయింది.

ఆ చోటుతో ఏం చేయవచ్చో చూపినవారు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయనా తెలుగువారే. నలభై ఏళ్లు కార్పొరేషన్ సభ్యుడు, ప్రభుత్వోద్యోగి కాని తొలి అధ్యక్షుడు. ఆయన హయాంలో 1920 సెప్టెంబరులో సభ ఒక తీర్మానం చేసింది: థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలి, తలకు రోజుకు అణా మించకూడదు. తరవాత మరి నాలుగు బళ్లకు దాన్ని విస్తరించారు. ఆ బళ్లలో 1922-23లో 811మంది ఉన్న పిల్లలు 1924-25 నాటికి 1,671మంది అయ్యారు.

1925 ఏప్రిల్ 1న ఫలహారం ఆగిపోయింది. డబ్బు లేక కాదు. ప్రాథమిక విద్యానిధి నుంచి ఆ ఖర్చు పెట్టడానికి వీల్లేదని పై ప్రభుత్వం చెప్పింది. అప్పుడు గద్దె మీద ఉన్నది చెట్టిగారు స్థాపకుల్లో ఒకరైన జస్టిస్ పార్టీ మంత్రివర్గమే! అదే ఏడాది ఆయన కన్నుమూశారు. రెండేళ్లకు పథకాన్ని మళ్లీ మొదలుపెట్టారన్నది నిజమే. కాని సొంత పార్టీ పైన ఉన్నా నగరం చెయ్యి నగరానిది కాదని ఆనాడే తేలిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక కథ మారిందా? 1959లో డి.ఎం.కె. తొలిసారి కార్పొరేషన్‌ను చేజిక్కించుకుంది. రాష్ట్రాధికారానికి ఆ పార్టీ ఎక్కిన తొలి మెట్టు అదే. 1973లో మస్టర్ రోళ్ల కుంభకోణం బయటపడింది. కూలీల హాజరు పట్టీల్లో దొంగ లెక్కలన్నమాట. డిసెంబరులో కరుణానిధి ప్రభుత్వం సభనే రద్దు చేసి ప్రత్యేకాధికారిని కూర్చోబెట్టింది.

నేను పద్దులు చూసి బతికేవాణ్ణి. ఒక శాఖలో దొంగ ఓచర్లు దొరికితే సంతకం పెట్టినవాణ్ణి సస్పెండు చేస్తాం, తనిఖీ చేయిస్తాం, సొమ్ము రాబడతాం. ఖాతాదారులను బయటికి నెట్టి ఇరవై రెండేళ్లు తలుపులు మూయం. మద్రాసులో జరిగింది అదే. తప్పు చేసినవారికంటే ఓటర్లే ఎక్కువ శిక్ష అనుభవించారు.

1976 జనవరి 31న అదే కరుణానిధి ప్రభుత్వాన్ని కేంద్రం బర్తరఫ్ చేసింది. అయితే 1977 జూన్‌లో రాష్ట్రానికి ఎన్నికలు జరిగాయి. ఏడాదిన్నర తిరక్కముందే శాసనసభ తిరిగొచ్చింది. నగరసభ మాత్రం 1996 అక్టోబరు దాకా రాలేదు. 1974లో ఇరవై ఒక్క ఏళ్లు నిండి ఓటు హక్కు వచ్చినవాడు తన వార్డు సభ్యుడికి తొలి ఓటు వేసేనాటికి నలభై మూడేళ్లవాడు. ఈ మధ్యలో, 1971 నుంచి 1991కి, నగర జనాభా 24.69 లక్షల నుంచి 38.43 లక్షలకు పెరిగింది.

సభ లేని ఇంట్లోంచి సామాను కూడా తరలిపోయింది. నగర ప్రణాళిక అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లింది. 1978 చట్టంతో మంచినీళ్లు, మురుగుకాల్వలు ప్రత్యేక బోర్డుకు పోయాయి. ఇవి రాష్ట్రం నియమించే సంస్థలు. అడ్డుచెప్పడానికి సభలో ఒక్క సభ్యుడూ లేడు. 1996లో ప్రజలు నేరుగా ఎన్నుకున్న తొలి మేయరుగా స్టాలిన్ రిపన్ బిల్డింగు మెట్లెక్కేసరికి, కుళాయిలో నీళ్లు రాకపోతే జవాబు చెప్పాల్సింది మేయరు కాదు.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ అన్యాయానికే విరుగుడు. సభకు అయిదేళ్ల గడువు. రద్దు చేయదలిస్తే ముందు దాని వాదన వినాలి. చేసినా ఆరు నెలల్లో ఎన్నికలు పెట్టాలి. గడువు దాటించకూడదని 2006లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా 2016 అక్టోబరులో చెన్నై సభ గడువు ముగిశాక మళ్లీ ప్రత్యేకాధికారులే వచ్చారు. ఎన్నికల ప్రకటనను హైకోర్టు కొట్టివేయడంతో మొదలైన జాప్యం వార్డుల పునర్విభజన పేరుతో సాగింది. 2022 ఫిబ్రవరిలో గాని ఓటింగు జరగలేదు. ఈసారి గద్దె మీద ఉన్నది వేరే పార్టీ. బెంగుళూరులోనూ అంతే: 2020 సెప్టెంబరులో సభ గడువు తీరింది, ఎన్నికలు జరపకుండానే 2025 సెప్టెంబరులో ఆ కార్పొరేషన్‌ను అయిదు ముక్కలు చేశారు.

మనబోటి భాషా అల్పసంఖ్యాకులకు ఇది పరాయి గొడవ కాదు. రాష్ట్ర శాసనసభలో మన సంఖ్య లెక్కకు రాదు. వార్డులో వస్తుంది. నాలుగు వీధుల తెలుగువాళ్లు ఒక్కమాట మీద నిలబడితే వార్డు సభ్యుడు గుమ్మంలోకి వస్తాడు. కార్పొరేషన్ నడిపే తెలుగు బడిలో పంతులు ఖాళీ ఉంటే అడగడానికి మనకు దగ్గర మనిషి అతడే. ప్రత్యేకాధికారి సమర్థుడే కావచ్చు, నిజాయితీపరుడే కావచ్చు. కాని అతనికి మన ఓటుతో పనిలేదు.

త్యాగరాయ చెట్టిగారి విగ్రహం రిపన్ బిల్డింగు ముందే ఉంది. ఆయన పేర టి. నగర్ ఉంది. వాటిని చూసి మనవాడని గర్వపడటం సులువు. ఆయన కూర్చున్న సభ గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తుపెట్టుకుని, ఆ తేదీకి ఎన్నిక జరగాలని అడగడం అంతకంటే అవసరం.