కర్ర గొప్పా, సత్తు గొప్పా?

బేస్‌బాల్ బ్యాటుని ఏ ఫొటోలోనో, ఇంగ్లీషు సినిమాలోనో మీరు చూసే వుంటారు. క్రికెట్ బ్యాటులాగ పలకగా వుండదు. గుండ్రంగా, పట్టుకునే చోట సన్నగా, బంతి తగిలే చోట లావుగా, మన రోకలికీ అప్పడాల కర్రకీ వియ్యం కలిపినట్టు వుంటుంది. ఈ వస్తువుని దేంతో చెయ్యాలి, చెక్కతోనా, అల్యూమినియంతోనా అన్న తగువు అమెరికా కాలేజీల్లో దాదాపు నలభై ఏళ్ళు నడిచింది.

"మగపిల్లల ఆట గొడవ మనకెందుకండీ?" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. ఇందులో పొదుపు వుంది, పద్దు పుస్తకం వుంది, కంపెనీల తెలివి వుంది. చివరికి కొడుకుని పోగొట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఒక తల్లి కూడా వుంది.

అసలు కథ వంటింటికి దగ్గర్లోనే మొదలైంది. కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ అనే ఊళ్ళో హిల్లరిచ్ అనే ఆయనకి చెక్కపని కార్ఖానా వుండేది. మంచం కోళ్ళు, మెట్ల పక్కన వేసే కర్రలు, వెన్న తీసే చిలుకుడు యంత్రాలు చేసేవాడు. 1884లో ఆయన కొడుకు బడ్, పీట్ బ్రౌనింగ్ అనే ఆటగాడికి కొత్త బ్యాటు చేసిచ్చాడనీ, మర్నాడు అతను దాంతో మూడుసార్లు దివ్యంగా కొట్టాడనీ ఆ కంపెనీ వాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు. తండ్రికి మాత్రం ఈ ఆట కర్రలంటే గిట్టలేదట. వెన్న చిలికే యంత్రమే మర్యాదైన వ్యాపారం అనుకున్నాడు పాపం! ఆ తర్వాత ఆ ఇంటి పేరు నిలబెట్టింది మాత్రం బ్యాటే. "లూయీవిల్ స్లగ్గర్" అంటే తెలియని అమెరికా పిల్లవాడుండడు.

ఆ రోజుల్లో బ్యాటంటే యాష్ చెట్టు చెక్కే. పెన్సిల్వేనియా, న్యూయార్క్ అడవుల్లో పెరిగే ఈ చెట్టు గట్టిదీ, తేలికదీ కూడా. ఒక్కటే లోపం. బంతి లావుపాటి చోట కాక పిడికి దగ్గరగా తగిలిందా, ఫెళ్ళున విరుగుతుంది. డబ్బున్న పెద్ద లీగులకి అదొక లెక్క కాదు. కాలేజీలకి అలా కాదు. సీజన్ అయ్యేసరికి డజన్లకొద్దీ బ్యాట్లు పొయ్యిలోకే. పద్దు రాసుకునే వాళ్ళకి గుండె గుబేలుమనదూ మరి?

ఇనుముతోనో, ఇంకో లోహంతోనో బ్యాటు చేస్తే విరగదు కదా అన్న ఆలోచన పాతదే. 1924లోనే విలియం ష్రాయర్ అనే ఆయన లోహపు బ్యాటుకి పేటెంటు తీసుకున్నాడు. కానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1960ల చివర్లో, 1970ల మొదట్లో అల్యూమినియం బ్యాట్లు బజారులోకి వచ్చాయి. 1971లో చిన్నపిల్లల లీగు సరేనంది. 1974లో కాలేజీ క్రీడల జాతీయ సంఘం, ఎన్.సి.ఎ.ఎ., కూడా తలుపు తెరిచింది.

మన ఇళ్ళల్లోకి సత్తు గిన్నెలు ఎలా వచ్చాయో తలుచుకుంటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. మట్టికుండ పగులుతుంది. ఇత్తడి గిన్నెకి కళాయి పెట్టించాలి, చింతపండు పెట్టి తోమాలి. సత్తు గిన్నె అయితే తేలిక, చవక, పగిలే భయం లేదు. ఆ సదుపాయం ముందు మిగతా ప్రశ్నలన్నీ వెనక్కి పోయాయి. కాలేజీల్లోనూ అదే జరిగింది. ఒక్క బ్యాటు కొంటే సీజనంతా వస్తుంది. ఇంకేం కావాలి?

కానీ సత్తు బ్యాటు ఒట్టి చవక బ్యాటుగా వుండిపోలేదు. చెక్క బ్యాటు లోపల నిండుగా వుంటుంది. బంతి తగిలినప్పుడు బంతే నలుగుతుంది. ఆ నలగడంలో దాని ఊపు చాలా భాగం పోతుంది. సత్తు బ్యాటు లోపలంతా బోలు. బంతి తగలగానే గోడ కాస్త లోపలికి వంగి, మళ్ళీ వెనక్కి తన్నుతుంది. నవారు మంచం మీద పిల్లలు గెంతుతూంటే మంచం వాళ్ళని పైకి విసరదూ, అలా అన్నమాట. పైగా బరువు పిడికి దగ్గరగా వుంటుంది కనక కుర్రాడు దాన్ని మరింత వేగంగా తిప్పగలడు. ఊపుకి ఊపు, వేగానికి వేగం!

ఈ ఒడుపు తెలిశాక కంపెనీలు ఊరుకుంటాయా? ఏడాదికో కొత్త మిశ్రమలోహం, పల్చటి గోడ, తేలిక బరువు. కాలేజీ టీములకి బ్యాట్లు ఉచితంగా ఇచ్చారు. కోచ్‌లకి ఒప్పందాలు రాసి డబ్బిచ్చారు. ఇక కోచ్‌గారు ఆ బ్యాటు మంచిది కాదని ఎలా అంటారు? చెక్క తగిలితే "ఠప్" మని వినిపించే మైదానాల్లో "ఠింగ్" మని సత్తు చప్పుడే మోగసాగింది.

దీని పరాకాష్ఠ 1998లో కనిపించింది. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో జరిగిన కాలేజీ ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 21, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 14 పరుగులు చేశాయి. బేస్‌బాల్‌లో ఒక టీము అయిదారు పరుగులు చేస్తే మంచి ఆటే. అలాంటిది ఒక్క ఆటలో 35! ఈ ధోరణికి "గొరిల్లా బాల్" అని పేరు పెట్టి జనం నవ్వుకున్నారు. సంఘం పెద్దలకి మాత్రం నవ్వు రాలేదు. బ్యాటు మందం, బరువు, బంతి వెనక్కి వెళ్ళే వేగం, అన్నింటికీ హద్దులు పెట్టారు. 33 అంగుళాల బ్యాటు 30 ఔన్సులకి తగ్గకూడదన్నారు. దానికే ఒక పెద్ద బ్యాట్ల కంపెనీ సంఘం మీద దావా వేసింది.

పరుగులెక్కువైతే ఎవరికి నష్టం అంటారా? బంతి విసిరే కుర్రాడి సంగతి చూడండి. పిచర్ అంటారు అతన్ని. బ్యాటువాడికి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో నిలబడతాడు. విసిరే ఊపులో ఇంకో అయిదారడుగులు ముందుకొస్తాడు. గంటకి 100 మైళ్ళ వేగంతో బంతి తిరిగి తన మొహం మీదికే వస్తే, అతనికి దొరికే వ్యవధి సెకండులో పదో వంతులు నాలుగు కూడా వుండదు. అతని తలకి శిరస్త్రాణం లేదు. బ్యాటు పట్టుకున్నవాడికి వుంది!

మరి సత్తు బ్యాట్ల వల్ల దెబ్బలు ఎక్కువయ్యాయా? 2002లో వినియోగ వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ కమిషన్, అలా తేల్చడానికి వున్న లెక్కలు చాలవని చెప్పి ఈ విషయమై వచ్చిన అర్జీని తోసిపుచ్చింది. సంఘం వాళ్ళు కూడా బేస్‌బాల్‌లో గాయాలు మిగతా ఆటలకన్నా తక్కువేనన్నారు. నిజమే కావచ్చు. కానీ లెక్కలు చాలవు అనడానికీ, ప్రమాదం లేదు అనడానికీ చాలా దూరం వుంది. బ్యాట్లు అమ్మేవాళ్ళు మాత్రం ఆ రెండూ ఒకటేనన్నట్టు మాట్లాడారు.

2003 జూలైలో మొంటానా రాష్ట్రం హెలెనాలో ఒక ఆట జరిగింది. కాలేజీ ఆట కాదు, కాలేజీ ఈడు కుర్రాళ్ళ లీగు. పద్ధెనిమిదేళ్ళ పిచర్ విసిరిన బంతి సత్తు బ్యాటుకి తగిలి తిరిగొచ్చి అతని తలకి తగిలింది. కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. ఆ తల్లిదండ్రులు దావా వేశారు. ఆ బ్యాటు చేసింది ఎవరనుకున్నారు? వెన్న చిలికే యంత్రాలు చేసిన ఆ లూయీవిల్ ఇంటివాళ్ళ కంపెనీయే.

2009లో జ్యూరీ తీర్పు చెప్పింది. బ్యాటు తయారీలో లోపం వుందని అనలేదు. ప్రమాదం సంగతి చెప్పి హెచ్చరించకపోవడం తప్పు అంది. 8,50,000 డాలర్లు ఇమ్మంది. 2011లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పులో నాకు నచ్చిన మాట ఒకటుంది. హెచ్చరిక కొన్నవాడికీ, బ్యాటు పట్టుకున్నవాడికీ మాత్రమే చెబితే చాలదు, మైదానంలో నిలబడ్డ ప్రతివాడికీ అది చెందుతుంది అని. ఎంత మామూలు న్యాయం! అది ఒప్పించడానికి ఒక తల్లి ఎనిమిదేళ్ళు తిరగాల్సి వచ్చింది.

ఈ లోపల 2007లో న్యూయార్క్ నగర కౌన్సిల్ హైస్కూలు ఆటల్లో లోహపు బ్యాట్లు వద్దని చట్టం చేసింది. మేయరు కాదన్నా మళ్ళీ వోటు వేసి నెగ్గించుకుంది. కంపెనీలు కోర్టుకెళ్ళినా లాభం లేకపోయింది.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. కార్బన్ నారతో అల్లిన బ్యాట్లు వచ్చాయి. ఇవి మన దోసెల పెనం లాంటివి. కొత్తలో మామూలుగానే వుంటాయి, వాడినకొద్దీ పదును తేరతాయి. పరీక్షశాలలో కొత్తది పాసవుతుంది. మైదానంలో నలిగాక హద్దులు దాటుతుంది. కొందరు గడుసువాళ్ళు వాటిని రోలర్ల మధ్య నలిపి ముందే పదును తెచ్చుకున్నారు కూడా! 2009లో సంఘం వీటిని ఆపింది. 2011 నుంచి కొత్త కొలత పెట్టింది. లోపల బోలుగా వున్నా సరే, బంతిని చెక్క బ్యాటుకన్నా ఎక్కువగా తన్నకూడదు. అదీ నియమం.

ఫలితం వెంటనే తెలిసింది. 2010లో ఒక్కో టీము ఆటకి సగటున 0.94 హోమ్ రన్లు కొడితే, 2011లో 0.52కి పడిపోయింది. బ్యాటింగు సగటు .305 నుంచి .282కి దిగింది. 2014 ఒమాహా పోటీలు మొత్తానికి మూడే మూడు హోమ్ రన్లు! ఇప్పుడు ఆట చప్పగా వుందని మళ్ళీ గోల. 2015లో బంతి కుట్లు అణిచి, కాస్త దూరం వెళ్ళేలా చేశారు. పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తాం, నీళ్ళెక్కువైతే మళ్ళీ ఉప్పు వేస్తాం. అలా వుంది వ్యవహారం.

అంత బాధెందుకు, హాయిగా చెక్కకే మళ్ళొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మళ్ళినవాళ్ళున్నారు. వేసవిలో కాలేజీ కుర్రాళ్ళు ఆడే కేప్ కాడ్ లీగు 1985లోనే చెక్కకి తిరిగొచ్చింది. పెద్ద లీగులు చెక్కని ఎప్పుడూ వదల్లేదు. మనకి తెలిసిన క్రికెట్‌లోనూ 1979 డిసెంబరులో పెర్త్ టెస్టులో డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటు పట్టుకొచ్చాడు. ఇంగ్లండు కెప్టెన్ బ్రియర్లీ అభ్యంతరం చెబితే, కోపంతో దాన్ని విసిరికొట్టాడు. మరుసటి ఏడే బ్యాటు చెక్కదే అయి వుండాలని నియమాల్లో రాసేశారు. క్రికెట్‌కి కొన్ని నెలల్లో తేలింది కాలేజీ బేస్‌బాల్‌కి 37 ఏళ్ళు పట్టింది.

అయితే చెక్కకీ కష్టాలొచ్చాయి. 2002లో మిషిగన్‌లో ఆసియానుంచి వచ్చిన ఒక ఆకుపచ్చ పురుగు బయటపడింది. అది యాష్ చెట్టు బెరడు కింద తొలిచి కోట్లాది చెట్లని చంపేసింది. ఆటగాళ్ళు మేపుల్ చెక్కకి మారారు. అది విరిగితే పెచ్చులు బాణాల్లా ఎగురుతాయి. 2008లో పెద్ద లీగులవాళ్ళు దీని మీద పరిశోధన చేయించి, ఆ తర్వాత మేపుల్ బ్యాటు పిడి మీద సిరాచుక్క వేసి, చెక్క నార తిన్నగా వుందో లేదో చూడాలన్నారు. కనక చెక్క సాధువు, సత్తు దుర్మార్గి అనడానికి వీల్లేదు. దేని జాగ్రత్త దానికి కావాలి.

విచిత్రమేమంటే, చవక అని తెచ్చుకున్న ఆ బోలు బ్యాటు మంచి రకం ఇప్పుడు నాలుగైదు వందల డాలర్లు. చెక్కలాగా పనిచేసే లోహం చెయ్యడానికి అంత ఖర్చన్నమాట!

1974 నాటి పద్దులో ఒకే ఒక గడి వుంది, విరిగిన బ్యాట్ల గడి. అది ఖాళీ అయితే అందరూ లాభం అనుకున్నారు. బ్యాటుకి ఎదురుగా నిలబడే పిల్లవాడికి ఏ గడీ లేదు. అది గీయించడానికి ఇన్ని ఏళ్ళూ, ఇన్ని కోర్టులూ కావలసి వచ్చాయి. ఇంటి పద్దు రాసే మనకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చవక వస్తువు ఇంట్లోకి తెచ్చినప్పుడల్లా, మిగిలిన డబ్బు ఎవరి వాటాలోంచి మిగిలిందో ఒక్కసారి చూసుకోవడం మంచిది.